పెదనాన్న రక్తం, హాస్టల్ నీళ్లు, ఒకే ప్లాస్టిక్

ముందే ఒక మాట. నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటోరియల్ టీమ్ దిద్దుతామని మాటిచ్చింది. విషయం తప్పితే మాత్రం నన్నే తిట్టండి.

పోయిన సెమ్‌లో మన క్యాంపస్‌లో ప్లాస్టిక్ వ్యతిరేక ర్యాలీ జరిగింది, గుర్తుందా? మెయిన్ గేట్ నుంచి లైబ్రరీ దాకా. "ప్లాస్టిక్ అంటే విషం" అని అట్ట మీద రాసి పట్టుకున్నది నేనే. అదే శుక్రవారం రాత్రి బస్సెక్కి శ్రీకాకుళం జిల్లాలో మా పెదనాన్న వాళ్ల ఊరెళ్లా. శనివారం పొద్దున్న డయాలసిస్ సెంటర్‌లో ఆయన మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నా. చేతిలోంచి రక్తం బయటికొచ్చే గొట్టం ప్లాస్టిక్. తిరిగి లోపలికెళ్లే గొట్టం ప్లాస్టిక్. పైన వేలాడే సెలైన్ బ్యాగ్ ప్లాస్టిక్. మధ్యలో మెషీన్‌కి నిలువుగా తగిలించిన గొట్టం, అడుగు పొడవు కూడా ఉండదు, లోపల తెల్లటి దారాల కట్ట, అదీ ప్లాస్టిక్కే. ముందు రోజు నేను పట్టుకున్న అట్ట గుర్తొచ్చింది. సిగ్గేసింది అనను గానీ, కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

మా పెదనాన్నది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, ఆ పక్కంతా కొబ్బరి, జీడి తోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఇప్పుడు ఆ పేరు చెప్తే ఎవరికైనా గుర్తొచ్చేది తోటలు కాదు, కిడ్నీ జబ్బు. షుగర్ లేదు, పెద్దగా బీపీ లేదు, అయినా పొలం పనిచేసుకునే మనుషులకి కిడ్నీలు పోతాయి. ఎన్నో బృందాలొచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షించాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. వైద్యులు పెట్టిన పేరులోనే 'అన్‌నోన్' అన్న మాట ఉంది. 2018లో తిత్లీ తుపానుకి మా పెదనాన్న కొబ్బరి చెట్లు సగం పైగా పడిపోయాయి. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆయన మాత్రం వాటి నీళ్లు తాగకూడదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి రైతు కొబ్బరి బోండాం వంక చూస్తూ కూర్చోవాలి.

ఆ రోజు ఆయన ఆ తెల్ల దారాల గొట్టం చూపించి అడిగారు. "ఇదేటే గుంటా? మీ కాలేజీలో చెప్పలేదేటి?"

"ఫిల్టర్ పెదనాన్నా."

"ఫిల్టరంటే టీ వడపోసే జల్లెడ లాంటిదే కదా. మరి నా రక్తం కారిపోదేటి?"

నా దగ్గర జవాబు లేదు. ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో 78 మార్కులొచ్చిన మనిషిని నేను. థర్మోప్లాస్టిక్‌కి, థర్మోసెట్టింగ్‌కి తేడాలు టేబుల్ వేసి రాశా. బేకలైట్ రియాక్షన్ ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్తా. అదే పుస్తకంలో మొదటి యూనిట్ నీళ్లు, అందులో ఆర్వో బొమ్మ ఉంది, దానికి బాణాలు కూడా వేశా. ఇంకో యూనిట్ పాలిమర్లు. ఆ ఆర్వో బొమ్మలో మధ్య గీత ఒక పాలిమర్ అని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సీఎస్ఈ వాళ్లకి కెమిస్ట్రీ దేనికిరా అని జోకులేసుకున్న బ్యాచ్‌లో నేనూ ఉన్నా.

తిరిగొచ్చాక రెండు వారాలు దాని మీదే చదివా. పెదనాన్నకి ఫోన్‌లో చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నా.

ఆ గొట్టాన్ని డయలైజర్ అంటారు. లోపల సుమారు పదివేల సన్నటి దారాలుంటాయి. ఒక్కో దారం నిజానికి బోలు గొట్టం, లోపలి వ్యాసం 200 మైక్రాన్లు, అంటే రెండు మూడు వెంట్రుకల మందం. అన్నింటి గోడలూ విప్పి పరిస్తే ఒక చాప అంత వెడల్పు వస్తుంది. రక్తం దారాల లోపల నడుస్తుంది, శుద్ధమైన ఉప్పు ద్రావణం బయట ఎదురు దిశలో నడుస్తుంది. గోడలో కంటికి కనపడని రంధ్రాలు. యూరియా అణువు బరువు 60, క్రియాటినిన్‌ది 113. అవి తేలిగ్గా దాటిపోతాయి. రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ ప్రొటీన్ బరువు 66 వేల పైమాటే. అది ఆగిపోతుంది. ఎర్ర రక్తకణం అయితే ఆ రంధ్రం ముందు, చీమల పుట్ట ముందు ఏనుగు. అందుకే కారిపోదు పెదనాన్నా.

ఈ దారాల తయారీ నాకు భలే నచ్చింది. పాలీసల్ఫోన్ అనే పాలిమర్‌ని ఒక ద్రావకంలో కరిగించి, సన్నటి గుండ్రటి సందులోంచి నీళ్లలోకి వదులుతారు. జంతికల గొట్టంలోంచి పిండి నూనెలోకి దిగినట్టే. మధ్యలో బోలుగా ఉండటానికి ఆ సందు నడుమ ఉన్న ఇంకో రంధ్రం నుంచి వేరే ద్రవం పంపిస్తారు. ద్రావకం నీళ్లలోకి వెళ్లిపోతుంది, పాలిమర్ గడ్డకడుతుంది, ద్రావకం వదిలిన జాగాలో రంధ్రాలు మిగులుతాయి. రంధ్రం సైజు ఎవరూ సూది పెట్టి పొడిచింది కాదు. ఎంత గాఢత, ఎంత వేడి, గాలిలో ఎంత తేమ, వీటి మీద ఆధారపడి అదే ఏర్పడుతుంది. పాలీసల్ఫోన్‌కి నీళ్లంటే పడదు, రక్తంలోని ప్రొటీన్లు దాని మీద అతుక్కుంటాయి. అందుకని పీవీపీ అనే ఇంకో పాలిమర్ కలుపుతారు, అది నీళ్లతో స్నేహంగా ఉంటుంది. మోకాలు చెక్కుకుపోతే రాసుకునే పోవిడోన్ అయోడిన్‌లో పోవిడోన్ అంటే అదే.

మొదటి నుంచీ ఇలా లేదు. 1943లో నెదర్లాండ్స్‌లో, జర్మన్ ఆక్రమణ కింద, కాంపెన్ అనే చిన్న ఊళ్లో విల్లెం కోల్ఫ్ అనే డాక్టర్ చెక్క డ్రమ్ముకి సెల్లోఫేన్ గొట్టం చుట్టి మొదటి డయాలసిస్ మెషీన్ చేశాడు. సెల్లోఫేన్ అంటే సాసేజ్ మాంసం చుట్టే పొర. రెండేళ్ల పాటు పేషెంట్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1945లో ఒక 67 ఏళ్ల ఆవిడ బతికి ఇంటికెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు సెల్యులోజ్ పొరలే వాడారు. అవి చిన్న మలినాలని తీసేవి గానీ, కాస్త పెద్దవి తీయలేకపోయేవి. ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకున్నవాళ్లకి ఆ మిగిలిపోయిన ప్రొటీన్ కీళ్లలో పేరుకుని చేతులు తిమ్మిరెక్కేవి. పాలీసల్ఫోన్ లాంటి కొత్త పొరలతో రంధ్రాలని కొంచెం పెంచే వీలు దొరికింది. పదార్థం మారితే మనిషి చేయి మారింది.

ఇంతదాకా చదివాక నన్ను నిజంగా కుదిపిన విషయం ఒకటి దొరికింది. మన హాస్టల్ ఆర్వో మిషన్‌లో మెంబ్రేన్ ఉంది కదా, దాన్ని అడ్డంగా కోస్తే మూడు పొరలుంటాయి. కింద పాలిస్టర్ గుడ్డ. పైన పాలీఅమైడ్, చాలా పల్చన, మైక్రాన్‌లో పదో వంతు, ఐదో వంతు అంతే. ఉప్పుని ఆపేది అదే. ఆ పల్చని పొరని మోసేది మధ్యలో ఉన్న పొర. అది పాలీసల్ఫోన్. పెదనాన్న రక్తాన్ని వడపోసేదీ, నా బాటిల్‌లో నీళ్లు పట్టేటప్పుడు కింద దన్నుగా ఉండేదీ ఒకే పదార్థం. ఇంకో ముడి కూడా ఉంది. ఒక్కసారి డయాలసిస్‌కి నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకి 120 లీటర్ల ద్రావణం కావాలి. ఆ నీళ్లు పెదనాన్న రక్తానికి ఒక గోడ అవతలే ఉంటాయి కాబట్టి కుళాయి నీళ్లు పనికిరావు. సెంటర్ వెనక గదిలో పెద్ద ఆర్వో ప్లాంట్ ఉంటుంది. ముందు ఆ పాలిమర్ నీళ్లని కడుగుతుంది, ఆ నీళ్లతో ఈ పాలిమర్ రక్తాన్ని కడుగుతుంది.

పెదనాన్న రోజూ నీళ్లలో కలుపుకుని తాగే ఒక పొడి ఉంది. మట్టి రుచి అంటారు. ప్యాకెట్ మీద పేరు కాల్షియం పాలీస్టైరీన్ సల్ఫోనేట్. పాలీస్టైరీన్ అంటే థర్మోకోల్! పెళ్లిళ్లలో వాడి పారేసే ఆ తెల్ల ప్లేట్ల చుట్టమే. దాని గొలుసుకి సల్ఫోనేట్ గుంపులు తగిలిస్తే అది పేగుల్లో కాల్షియం వదిలి పొటాషియం పట్టుకుంటుంది, అరక్కుండా బయటికి పోతుంది. మన కెమిస్ట్రీ పుస్తకంలో నీటి కాఠిన్యం పోగొట్టే అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ ఉంది చూడండి, అదీ ఈ కుటుంబమే. ఫంక్షనల్ పాలిమర్ అన్న మాటకి నాకు అర్థమైనది ఇంతే: వెన్నెముక ఒకటే, దానికి తగిలించే చేతుల్ని బట్టి పని మారుతుంది.

కాబట్టి నా అట్ట మీద రాసిన వాక్యం తప్పు. ప్లాస్టిక్ అనేది ఒక వస్తువు కాదు. క్యారీ బ్యాగ్‌ని తిట్టడం కరెక్టే, దాన్ని తిట్టే మాటతోనే డయలైజర్‌నీ కలిపి తిట్టడం బద్ధకం. "ప్లాస్టిక్ లేకపోతే వైద్యమే లేదు" అని ఇంకో వైపు ఊగిపోయేవాళ్లదీ అదే బద్ధకం. పాలీసల్ఫోన్ దేవుడేం కాదు. దాని తయారీలో బిస్ఫినాల్-ఏ వాడతారు. మట్టిలో కరగదు. ఏ పదార్థాన్నైనా అడగాల్సినవి నా లెక్కలో మూడే: ఏది దాటనిస్తుంది, ఏది ఆపుతుంది, ఆపినదాన్ని ఎవరి మీద పోస్తుంది. మూడో ప్రశ్న మనం ఎప్పుడూ అడగం.

హాస్టల్‌లో అడిగి చూశా. ఆన్‌లైన్‌లో ఒక చిన్న టీడీఎస్ మీటర్ కొని, రూమ్మేట్‌తో కలిసి మూడు చోట్ల కొలిచా. ఆర్వోలోకి వచ్చే నీళ్లు 420. బయటికొచ్చే తాగునీళ్లు 28. వెనక సన్న పైపులోంచి డ్రెయిన్‌లోకి పోయే నీళ్లు 570కి అటూ ఇటూ. బకెట్ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, ఒక బకెట్ మంచినీళ్లు నిండేలోపు రెండున్నర బకెట్లు కాలవపాలు. మా హాస్టల్‌లో 400 మందిమి. మనిషికి మూడు లీటర్లు వేసుకుంటే రోజుకి 1200 లీటర్లు తాగుతున్నాం, 3000 లీటర్లు పారబోస్తున్నాం. ఏప్రిల్‌లో ట్యాంకర్ రాక స్నానాలు ఆగిపోయిన రోజులు మర్చిపోయారా?

వెంటనే ఆవేశంగా ఒక పిటిషన్ రాసేశా. 2019 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్, లీటరుకి 500 మిల్లీగ్రాముల కంటే తక్కువ టీడీఎస్ ఉన్న నీళ్లకి ఆర్వో వాడకుండా నిబంధనలు తేవాలని కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది. మనది 420. కాబట్టి హాస్టల్ ఆర్వో పీకేసి, మామూలు ఫిల్టర్, యూవీ లైటు పెట్టండి అని రాశా. సంతకాలకి తిరుగుతుంటే సివిల్‌లో చదివే ఒక ఫ్రెండ్ ఆపింది. వాళ్లది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు.

"నీ మీటర్‌కి ఫ్లోరైడ్ కనవడ్తదా?" అంది.

కనపడదు. టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లు కరెంటుని ఎంత పోనిస్తాయనేది మాత్రమే. అందులో ఏముందో దానికి తెలియదు. బీఐఎస్ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. 420లో ఆ ఒకటిన్నర ఉందో, మూడు ఉందో మీటర్ చెప్పలేదు. వాళ్ల నానమ్మ నడుం వంగిపోయి, ఒంటి చేత్తో గోడ పట్టుకుని నడిచేదట. వాళ్ల నాన్న పళ్ల మీద ఇప్పటికీ గోధుమ రంగు చారలుంటాయట. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టి దానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టింది. ఊరి పేరు ప్రపంచమంతా తెలిసింది, ఎందుకు తెలిసిందో చూడండి. పైపుల్లో కృష్ణా నీళ్లొచ్చేదాకా వాళ్లింట్లో 20 లీటర్ల ఆర్వో క్యాన్ కొనుక్కునేవాళ్లు. "ఆర్వో వేస్ట్ అని మా నానమ్మ ముందు అను" అంది.

పిటిషన్ చింపేశా. సగం తెలిసిన దానితో బ్యానర్ పట్టుకోవడం నాకు రెండోసారి.

ఇక మన బ్రాంచ్ సంగతి. 2024లో కెమిస్ట్రీ నోబెల్ ప్రొటీన్ల నిర్మాణాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసినవాళ్లకీ వచ్చినప్పుడు మన గ్రూపుల్లో ఎంత హడావుడి! ఇక మెటీరియల్స్ కూడా మోడలే కనిపెట్టేస్తుంది, ల్యాబ్ వాళ్ల పని అయిపోయింది అన్నాం. నేనూ ఫార్వర్డ్ చేశా. ప్రొటీన్‌కి ఖచ్చితమైన వరుస ఉంది, దశాబ్దాలుగా ల్యాబుల్లో కష్టపడి కొలిచి అందరికీ తెరిచి పెట్టిన డేటా ఉంది. పాలిమర్‌లో ఒక గొలుసు పొడుగు, పక్క గొలుసు పొట్టి. జంతికల పిండి విషయంలో చెప్పాగా, గాలిలో తేమ మారితే పొర మారిపోతుంది. ఆ తేమ ఎంతో పేపర్లో రాయకపోతే మోడల్ ఏం నేర్చుకుంటుంది? కోడ్ పనికిరాదని కాదు, నేను బతకబోయేదే దాని మీద. కానీ భావ్‌నగర్‌లోని సీఎస్ఎంసీఆర్ఐ లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఆర్వో పొరలు పోతపోసి, పగలగొట్టి, మళ్లీ పోసినవాళ్లు ఉన్నారు కాబట్టే మనకి ఫిట్ చేయడానికి నంబర్లున్నాయి. పాలీఅమైడ్ పొరని క్లోరిన్ తినేస్తుంది, అందుకే ఆర్వోకి ముందు కార్బన్ ఫిల్టర్ పెడతారు. ఈ ఒక్క ముక్క తెలియని వాడు రాసిన 'స్మార్ట్ వాటర్ ప్యూరిఫయర్ యాప్' మన హ్యాకథాన్‌లో రెండో బహుమతి కొట్టింది. ఆ టీమ్‌లో నేనున్నా కాబట్టి ధైర్యంగా అంటున్నా.

మూడో ప్రశ్న డయాలసిస్ సెంటర్‌లోనూ ఉంటుంది. అక్కడ టెక్నీషియన్ అన్న పెదనాన్న డయలైజర్‌ని ప్రతిసారీ కడిగి, పెరాసిటిక్ యాసిడ్ నింపి, పేరు రాసి అల్మారాలో పెడతాడు. దాన్ని 'కిడ్నీ' అనే అంటాడు. "మీ కిడ్నీ కడిగి పెట్టా బాబాయ్" అంటాడు. దారాలు మూసుకుపోయి లోపలి పరిమాణం 80 శాతం కంటే తగ్గితే పారేయాలి. రక్తం గొట్టాలు ఎర్ర కవర్లోకి వెళ్తాయి. వారానికి రెండు డయాలసిస్‌లు అంటే ఏడాదికి వందకి పైనే. ఒక్క మనిషికి అంత చెత్త. అది సరిగ్గా స్టెరిలైజ్ అయి రీసైక్లింగ్‌కి వెళ్తోందా, ఊరి చివర ఎక్కడో తగలబడుతోందా అన్నది కెమిస్ట్రీ ప్రశ్న కాదు, రిజిస్టర్ రాసే ప్రశ్న. ప్రతి సంచికీ బార్‌కోడ్ ఉండాలని 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాలు ఎప్పుడో చెప్పాయి. బార్‌కోడ్ అంటే మన పనే కదా. దీనికి హ్యాకథాన్ పెట్టండి, నేనొస్తా.

ఇప్పుడు కాలేజీని నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. ఆర్వో పీకమని అడగట్లేదు. ముందు హాస్టల్ బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు విడివిడిగా పూర్తి పరీక్ష చేయించండి: ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, బ్యాక్టీరియా. రిపోర్టు మెస్ గోడకి అంటించండి. ఆర్వో అవసరమని తేలితే ఉంచండి, ఆ 3000 లీటర్లని పైన ఇంకో ట్యాంకులోకి ఎక్కించి బాత్రూమ్ ఫ్లష్‌లకి కలపండి. అవసరం లేదని తేలితే అప్పుడు తీసేద్దాం. ఇంకొకటి, ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పాత ఆర్వో క్యాట్రిడ్జ్ ఒకటి కోసి పెట్టండి. మార్చేసినప్పుడల్లా స్క్రాప్‌కే పోతోంది కదా. జూనియర్లు చుట్ట విప్పి, ఆ పొరని వేళ్లతో పట్టుకుని చూడాలి. అట్లాస్ అంత పెద్ద బొమ్మ కంటే అది మేలు.

వచ్చే శనివారం పొద్దున్న ఏడింటికి నేనూ, ఆ సివిల్ ఫ్రెండూ హాస్టల్ ఓవర్‌హెడ్ ట్యాంక్ దగ్గర శాంపిల్స్ పడతాం. ఫీజు క్లబ్బు ఫండ్ నుంచి కొంత, మా జేబుల్లోంచి కొంత. రావాలనుకున్నవాళ్లు ఒక లీటరు సీసా బాగా కడిగి తెచ్చుకోండి. గాజు సీసా తేవద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుందని ల్యాబ్ సార్ చెప్పారు. ప్లాస్టిక్ సీసానే తేవాలి.